చైనా నుంచి ఫీటల్ డాప్లర్లు: ఎఫ్‌డీఏ, సీఈ కాగితాలు ఉంటే చాలా?

ప్రశ్న: విజయవాడలో సర్జికల్ షాపు నడుపుతున్నాను. కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినిపించే చేతి డాప్లర్లు చైనా కంపెనీ నుంచి 50 తెప్పించి నర్సింగ్‌హోములకు అమ్మాలనుకుంటున్నాను. కంపెనీవాళ్లు ఎఫ్‌డీఏ (అమెరికా మందులు, పరికరాల నియంత్రణ సంస్థ), సీఈ (ఐరోపా ప్రమాణాల గుర్తు) సర్టిఫికెట్లు పంపి, ఇంకేమీ అక్కర్లేదంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదు. అడ్వాన్సు ఇంకా పంపకపోతే ఆపేయండి. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద మందుల లెక్కలోకి వచ్చాయి. ముప్పును బట్టి వాటిని ఎ నుంచి డి దాకా తరగతులుగా విడదీశారు. బి తరగతి పరికరాలకు 2022 అక్టోబరు 1 నుంచి, సి, డి తరగతులకు 2023 అక్టోబరు 1 నుంచి లైసెన్సు తప్పనిసరి. దిగుమతికైతే మందులు, పరికరాలను నియంత్రించే కేంద్ర సంస్థ సీడీఎస్‌సీఓ ఇచ్చే ఎండీ-15 లైసెన్సు కావాలి. అది లేని సరుకును కస్టమ్స్ చట్టం 111(డి) కింద జప్తు చేయవచ్చు.

మీకు పంపిన ఎఫ్‌డీఏ కాగితాన్ని ఒకసారి సరిగ్గా చూడండి. డేగ బొమ్మ, బంగారు రంగు ముద్రతో ‘రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్’ అని ఉంటే అది ఏదో ప్రైవేటు ఏజెన్సీ అచ్చు వేసినదే. ఎఫ్‌డీఏ అలాంటి సర్టిఫికెట్లు ఇవ్వదు. ఫ్యాక్టరీ పేరు నమోదు కావడం వేరు, పరికరాన్ని అమెరికాలో అమ్మడానికి 510(కె) అనే క్లియరెన్స్ రావడం వేరు. క్లియరెన్స్ వచ్చిన మోడల్‌కు ‘కె’ అక్షరం, దాని వెనక ఆరు అంకెలతో ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు అడిగి, ఎఫ్‌డీఏ వెబ్‌సైట్‌లో మోడల్ పేరుతో సరిపోల్చండి. అసలుదే అయినా అదీ, సీఈ కాగితమూ ఇక్కడ అమ్ముకోవడానికి అనుమతి కావు. అమెరికా, ఈయూ, జపాన్ వంటి చోట్ల ఇచ్చిన ఫ్రీ సేల్ సర్టిఫికెట్ (ఆ పరికరాన్ని అక్కడ స్వేచ్ఛగా అమ్ముతున్నారనే ధ్రువీకరణ) ఉంటే ఇక్కడ క్లినికల్ పరీక్షల బెడద తప్పుతుంది, అంతే.

లైసెన్సు మీరే తెచ్చుకోవచ్చుగా అంటే, ఫీజు చూడండి: బి తరగతి పరికరమైతే ఫ్యాక్టరీకి 2,000 డాలర్లు, పరికరానికి 1,000. సి అయితే 3,000, 1,500. పైగా తయారీదారు నుంచి పవర్ ఆఫ్ అటార్నీ, ప్లాంటు, డివైస్ మాస్టర్ ఫైళ్లు (ఫ్యాక్టరీ, పరికరం పూర్తి వివరాల పత్రాలు) కావాలి. 50 పీసుల కోసం ఇంత తలనొప్పి దండగ.

ఇప్పటికే ఎండీ-15 ఉన్న దిగుమతిదారు దగ్గరో, లైసెన్సున్న దేశీయ తయారీదారు దగ్గరో కొనండి. ఎండీ-15 ఆ దిగుమతిదారుకు, ఆ ఫ్యాక్టరీకి, అందులో రాసిన మోడళ్లకే చెల్లుతుంది. కాబట్టి కాపీ తీసుకుని పెట్టె మీది మోడల్, సీరియల్ నంబరు, లైసెన్సు నంబరు, దిగుమతిదారు చిరునామా ఒక్కొక్కటీ చూసుకోండి. మోడల్ చివర ఒక్క అక్షరం తేడా ఉన్నా తనిఖీలో పట్టుకుంటారు. బిల్లు లేని సరుకు జోలికి అసలు పోవద్దు.

మీ షాపుకు హోల్‌సేల్ లేదా రిటైల్ డ్రగ్ లైసెన్సు లేకపోతే రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్‌కు ఎండీ-41 దరఖాస్తు పెట్టి ఎండీ-42 రిజిస్ట్రేషన్ తీసుకోండి. ఫీజు 3,000 రూపాయలు. షాపులో డిగ్రీ చదివినవారో, ఫార్మసిస్టో, ఇంటర్‌తో పాటు పరికరాల అమ్మకంలో ఏడాది అనుభవం ఉన్నవారో ఒకరుండాలి.

ఇంకో చిక్కు పీసీపీఎన్‌డీటీ చట్టం, అంటే కడుపులో బిడ్డ ఆడో మగో తేల్చే పరీక్షలను నిషేధించే చట్టం. చప్పుడు మాత్రమే వినిపించే డాప్లర్‌తో ఆడో మగో తెలియదు. కానీ అది పనిచేసేది అల్ట్రాసౌండ్‌తోనే, ఆ చట్టం కింద రిజిస్టర్ కానివారికి అమ్మకూడదనే సెక్షన్ 3బిలో ‘అల్ట్రాసౌండ్ మెషిన్’ అన్న మాట ఉంది. అందుకే దాన్ని అమలు చేసే జిల్లా అప్రోప్రియేట్ అథారిటీకి మోడల్ బ్రోచర్ జతచేసి రాతపూర్వకంగా వివరణ అడగండి. జవాబు వచ్చేదాకా ఆ చట్టం కింద రిజిస్టరైన నర్సింగ్‌హోములకే అమ్మి, వాళ్ల రిజిస్ట్రేషన్ కాపీని బిల్లుకు జతచేసుకోండి.