దరఖాస్తు పోస్టు చేసే ముందు

హన్మకొండ

చిన్నీ బిడ్డా,

ఆదివారం మీ బాపు ఫోన్ చేసి "నా బిడ్డ లా చదివి గుర్రాల వెంట పడ్డదన్నా" అన్నాడు. తిడుతున్నాడో మురుస్తున్నాడో తెలియలేదు. ముప్పై ఏళ్లు పశువుల డాక్టరుగా చేశాను, మన ఇంట్లో ఇన్నాళ్లకు ఒకరికి గుర్రం గుర్తొచ్చిందని నాకు సంతోషమే. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ఎందుకో కింద రాస్తాను.

రేసు గుర్రాల లెక్క కోసం నువ్వు పెడతానంటున్న సమాచార హక్కు దరఖాస్తుకు 10 రూపాయలు, మండల ఆఫీసైతే 5. ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే అప్పీలు. ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు.

రేసు క్లబ్బును అడగకు. మాది ప్రైవేటు సంస్థ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. లైసెన్సు ఇచ్చిన సర్కారును అడుగు. ఏదో ఒక చట్టం కింద సర్కారు తెప్పించుకోగల ప్రైవేటు కాగితం కూడా సమాచారమే అని సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(ఎఫ్)లో ఉంది. పందెం జూదమా కాదా అన్న గొడవ నీకొద్దు, 1996లో లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు నైపుణ్యపు ఆట అనేసింది. నీకు కావాల్సింది లెక్క. ఎన్ని ఉరికాయి, ఎన్ని కూలాయి, రిటైరైనవి ఎటు పోయాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి పందెం మీద 40 శాతం జీఎస్టీ తీసుకుంటున్నారు కదా, రూపాయికి ఉన్న లెక్క గుర్రానికీ ఉండాలి. అమెరికాలో 2020 చట్టంతో పుట్టిన, గుర్రప్పందేల భద్రత చూసే సంస్థ హైసా సంగతి నువ్వు పంపితే రెండుసార్లు చదివాను. తమ మైదానాల్లో 2024లో వెయ్యి పరుగులకు 0.90 చావులని వాళ్లే బయట పెట్టారు. లెక్క ఇలా బయట పెట్టడం మనకూ మరీ కొత్తేం కాదులే. మన ఓరుగల్లు గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో శాసనం వేయించాడు. తుఫానుకు ఒడ్డున పడ్డ ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు పాత రాజులు గుంజుకునేవాళ్లు, మేం సుంకం తప్ప ఏమీ తీసుకోం అని. ఏ సరుకుకు ఎంతో కూడా ఆ రాయి మీదే ఉంది.

ఇక నా తప్పు.

2008 చలికాలం. రాత్రి పదింటికి కాజీపేట నుంచి ఒక బారాత్ గుర్రాన్ని ఇంటికే నడిపించుకొచ్చారు. మెడలో బంతిపూల దండ ఇంకా తీయలేదు. ముందు ఎడమ కాలు నేలకు ఆనించడం లేదు. చెయ్యి పెడితే మోకాలి కింద, వెనక వైపు టెండన్, అంటే కండను ఎముకకు పట్టి ఉంచే తాడు, అరటికాయలా ఉబ్బి కాలిపోతోంది. ఒక్క రాత్రిలో వచ్చిన వాపు కాదది. భుజం మీద ముద్ర చూసి రేసు గుర్రమని పోల్చుకున్నాను. వాళ్లనూ వీళ్లనూ అడిగి, దాన్ని ఒకప్పుడు చూసుకున్న సాయీసు, అంటే గుర్రాల కాపరి, నంబరు పట్టాను. జనగామ వైపు వాడే. "నొప్పి తెల్వకుండ సూదులేసి ఉరికించిన్రు సార్" అన్నాడు. ఏ రాత్రి, ఏ కొట్టం, అన్నీ చెప్పాడు.

నాకు రక్తం ఉడికింది. ఆ మైదానం పేరు ఇప్పుడెందుకు, దాని మీద దరఖాస్తు పెట్టాను. "ఫలానా తేదీ రాత్రి రెండు గంటలకు చివరి కొట్టంలో టార్చి వెలుగులో సూది వేశారా? ఎందుకు వేశారు?" ఎంత బాగా రాశానో అని మీ పెద్దమ్మకు చదివి వినిపించాను కూడా.

ఆ రాత్రి కొట్టంలో ఉన్నది ఇద్దరే. సూది వేసినవాడు, టార్చి పట్టినవాడు.

బయటివాళ్ల కాగితాలు అడిగితే ఆఫీసరు 5 రోజుల్లో వాళ్లకు నోటీసు ఇవ్వాలి, సెక్షన్ 11. ఇచ్చాడు, నా దరఖాస్తు జిరాక్సు జత చేసి. నాకు వచ్చింది రెండు లైన్ల జవాబు, "ఎందుకు" అనేది సమాచారం కిందికి రాదని. అంతకు ముందే సాయీసు ఫోన్ వచ్చింది. తిట్టలేదు. "సార్, టార్చి సంగతి ఎందుకు రాసిన్రు?" అనడిగాడు, అంతే. కొలువు పోయింది, కొట్టం పక్కన పడుకునే గదీ పోయింది. ఆ నెల నా జీతం మాత్రం ఒకటో తారీఖున పడింది.

టార్చి నా దరఖాస్తుకు అవసరమే లేదు బిడ్డా. నాకు లోపలి సంగతి తెలుసని చూపించుకోవాలన్న దురద. నీకూ ఉంది అది, చిన్నప్పుడు క్లాసులో చెయ్యెత్తకుండానే జవాబు చెప్పేదానివి. ఒక్క గుర్రం గురించి, ఒక్క రాత్రి గురించి అడగకు. ఆ ఏడాది అన్ని గుర్రాల మందుల పరీక్షల రిజిస్టరు నకలు అడుగు. నీకు కావాల్సిన గుర్రం అందులోనే ఉంటుంది, నీకు చెప్పినవాడు ఎవరో మాత్రం అందులో ఉండదు. మాట్లాడిన మనుషుల పేర్లు ఫోన్‌లో కూడా పెట్టుకోకు.

కొట్టాల్లోకి పోతే గ్లవ్స్ వేసుకో. ముక్కు కారే గుర్రాన్ని ముట్టుకోకు, గ్లాండర్స్ అనే గుర్రాల జబ్బు మనిషికీ అంటుతుంది. నవ్వకు, నేను చూసిన జబ్బుల్లో నాకు భయమేసేది అదొక్కటే. ఆ రక్తం పరీక్షలు హిసార్‌లోని అశ్వ పరిశోధన కేంద్రంలో చేస్తారు. అది కేంద్ర సంస్థ, అక్కడా ఒక దరఖాస్తు పెట్టొచ్చు.

ఏది పంపినా పోస్టు చేసే ముందు నాకు చూపించు. టార్చి లాంటి మాట కనబడితే కొట్టేస్తాను, అలగొద్దు. మీ పెద్దమ్మ సకినాలు పంపుతోంది. పోయినసారి డబ్బా ఇంకా మీ హాస్టల్‌లోనే ఉందట, తెచ్చివ్వు.

మీ పెద్దబాపు