టోల్కీన్ 'ది సిల్మరిలియన్'లో ఫెయనోర్ అనే ఎల్ఫ్ వట్టి అహంకారిలా ఉన్నాడు, అంత గొప్ప పాత్ర అని ఎందుకంటారు?

అహంకారే, కాదనను. కానీ అంతటితో వదిలేస్తే టోల్కీన్ పెట్టిన అసలు మెలిక చేజారుతుంది.

'ది సిల్మరిలియన్' (1977) మొదటి పేజీ నుంచి పట్టుకుని కూర్చోకండి. 'క్వెంటా సిల్మరిలియన్' అనే ప్రధాన భాగంలో 6 నుంచి 9 అధ్యాయాలు వరసగా చదివి, నేరుగా 13కి వెళ్ళండి. అతని కథంతా అక్కడే. ఫిన్వే తండ్రి, ఫింగోల్ఫిన్, ఫినార్ఫిన్ సవతి తమ్ముళ్ళు. ఈ మూడు పేర్ల దగ్గరే చాలామంది తికమకపడి పుస్తకం మూసేస్తారు, కాబట్టి వంశవృక్షం పేజీ పక్కనే ఉంచుకోండి.

9వ అధ్యాయం మాత్రం నెమ్మదిగా చదవాలి. దుష్టశక్తి మెల్కోర్, రాక్షస సాలీడు ఉంగోలియంట్ కలిసి దేవతల దేశానికి వెలుగిచ్చే రెండు చెట్లనూ చంపేశారు. వాటి వెలుగు ఇక మిగిలింది ఫెయనోర్ చేసిన సిల్మరిల్లు అనే మూడు రత్నాలలోనే. వాటిని పగలగొడితే చెట్లను బతికించగలనని వాటిని మొలిపించిన దేవత యవన్నా అంటుంది. అతను ఒప్పుకోడు. కొన్ని పనులు చేసినవాడికైనా ఒక్కసారే సాధ్యం, వాటిని పగలగొడితే నా గుండె పగులుతుంది అంటాడు. అంతలో కబురొస్తుంది: ఫిన్వేని చంపి, సిల్మరిల్లను మెల్కోర్ అప్పటికే ఎత్తుకుపోయాడు. అంటే ఔనన్నా కాదన్నా చెట్లు బతికేవి కావు. అయినా ముందే ఔనని ఉంటే తర్వాత అతను చేసిన పనులు వేరేగా ఉండేవేమో అంటాడు రచయిత.

ఇప్పుడు అదే అధ్యాయంలో ఆల్క్వలోండే రేవు చూడండి. మెల్కోర్ వెంటపడి సముద్రం దాటడానికి ఓడలు ఇమ్మంటే, టెలెరీలనే సముద్రతీరపు ఎల్ఫ్‌ల రాజు ఓల్వే చెప్పే జవాబు దాదాపు ఫెయనోర్ చెప్పిందే: ఇవి మా మనసు పెట్టి చేసినవి, ఇలాంటివి మళ్ళీ చేయలేం. ఆ మాట అర్థం కావలసినవాడు లోకంలో ఒక్కడుంటే అది ఇతనే. కత్తి దూసి లాక్కుంటాడు. సముద్రం దాటాక లోస్గార్‌లో వాటిని తగలబెట్టిస్తాడు. పెద్దకొడుకు మయెధ్రోస్ ఒక్కడే పక్కకి తప్పుకుంటాడు. అవతలి ఒడ్డున మిగిలిన ఫింగోల్ఫిన్ జనం మంచు మీదుగా నడిచి రావలసి వస్తుంది.

మెల్కోర్ చాడీలే అతన్ని చెడగొట్టాయనే వాదన నాకు సగమే నచ్చుతుంది. తమ్ముళ్ళ మీద అనుమానం రగిల్చింది మెల్కోరే, కానీ ఓడలకు నిప్పు పెట్టమన్నది ఫెయనోరే.

13లో తొందరగా చచ్చిపోతాడు, ఆశ్చర్యపోకండి. సిల్మరిల్లు ఎవరి దగ్గరున్నా వదలమని కొడుకులు ఏడుగురితో కలిసి వేసిన ఒట్టు మాత్రం క్వెంటా చివరిదాకా ప్రాణాలు తీస్తూనే ఉంటుంది. ఆ పనితనం వారసత్వం కూడా చూడాలనుకుంటే పుస్తకం చివరి భాగంలో మనవడు కెలెబ్రింబోర్ ఉంగరాల కథ ఉంది, చిన్నదే.