పాటలు ఎక్కించే షాపులో నాలుగేళ్ళు పనిచేసినవాడి జవాబు

మీ ప్రశ్న ఇది కదా: "ఫ్రీ సైట్ల నుంచి ఎంపీత్రీలు దింపుకునే రోజుల్లో తప్పు చేస్తున్నామని మీకెప్పుడైనా అనిపించిందా? అసలు డబ్బు పెట్టి పాట కొన్నారా?"

నేను దింపుకోవడం ఒక్కటే కాదండీ, దింపి అమ్మాను కూడా. 2009 నుంచి నాలుగేళ్ళు గుడివాడలో ఒక సెల్ షాపులో పనిచేశాను. బయట ఫ్లెక్సీ మీద "మెమరీ కార్డులో పాటలు ఎక్కించబడును" అని ఉండేది. ముప్పై దాటినవాళ్ళెవరైనా ఇలాంటి బోర్డు చూసే ఉంటారు. రీచార్జుల మీద మిగిలేది రూపాయో రెండో, పాటల మీదైతే కరెంటు ఖర్చు తప్ప వచ్చిందంతా మిగులే.

2 జీబీ కార్డు నిండా ఎక్కిస్తే 50 రూపాయలు తీసుకునేవాళ్ళం. ఐదు నిమిషాల పాట మామూలు క్వాలిటీలో సుమారు 5 ఎంబీ ఉంటుంది, అంటే కార్డుకి 400 పాటలు, పాట ఒక్కింటికి పన్నెండు పైసలు పడ్డట్టు. 2012లో ఫ్లిప్‌కార్ట్ వాళ్ళు ఫ్లైట్ అని ఎంపీత్రీలు అమ్మే దుకాణం ఆన్‌లైన్‌లో పెట్టారు, పాట 6 రూపాయల నుంచి మొదలు. రేటు న్యాయమైనదే, కాదనను. కానీ అదే 400 పాటలు అక్కడ కొనాలంటే తక్కువలో తక్కువ 2400, మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది ఫోనే అంత ఖరీదు చెయ్యదు, పైగా ఆన్‌లైన్‌లో కట్టడమంటే అప్పట్లో మా ఊళ్ళో ఎంతమందికి తెలుసు? ఏడాదిన్నర కూడా నిండకుండానే, 2013 జూన్‌లో, అది మూతపడింది.

మీ మొదటి ప్రశ్నకి వస్తే, మా కస్టమర్లలో ఒక్కరికి కూడా తప్పు చేస్తున్నామన్న ఆలోచనే ఉండేది కాదు, ఎందుకంటే వాళ్ళ లెక్కలో వాళ్ళు పాట కొనుక్కుంటున్నారు. షాపుకి వచ్చారు, బేరమాడారు, యాభై ఇచ్చారు. నోటు పుస్తకం కాగితం చింపి "ఘంటసాల 50, చిరంజీవి స్పీడువి 100, అయ్యప్ప 20, మిగతావి నీ ఇష్టం" అని రాసుకొచ్చేవాళ్ళు. ఆ "నీ ఇష్టం" దగ్గరే నా పనితనమంతా. దింపిన ప్రతి పాట పేరు చివరా సైటు పేరు అతికి ఉండేది, ఫోను చిన్న స్క్రీను మీద పాట పేరు బదులు అదే పాకుతూ కనపడేది, రాత్రిళ్ళు కూర్చుని వాటన్నిటినీ చెరిపేవాణ్ణి. ఆ కష్టానికే డబ్బు తీసుకుంటున్నానని నాకు నేను చెప్పుకునేవాణ్ణి, ఇప్పటికీ పూర్తిగా అబద్ధం అనిపించదు గానీ, సరుకు మాత్రం మాది కాదు.

ఒకరోజు మధ్యాహ్నం ఆడియో కంపెనీ తరఫున అని ఇద్దరొచ్చారు, వెంట పోలీసులు. కాపీరైట్ చట్టం సెక్షన్ 63 అన్నారు, ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. చట్టంలో ఉన్నది అంతే, వాళ్ళేం పెంచి చెప్పలేదు. మా ఓనరుకి చెమటలు పట్టేశాయి. సీపీయూ వైర్లు పీకి పట్టుకుపోయారు. ఓనరు తర్వాత వాళ్ళతో కూర్చుని ఎంతో కట్టి రాజీ చేసుకున్నాడు, అంకె నాకు చెప్పలేదు, ఆ నెల మాత్రం నా జీతం సగమే వచ్చింది. నాలుగో రోజు సీపీయూ తిరిగొచ్చింది. ఆన్ చేసి చూస్తే హార్డ్ డిస్క్‌లో ఒక్క పాట కూడా చెరగలేదు! సాయంత్రానికి మళ్ళీ ఎక్కించడం మొదలుపెట్టాం. మేం దింపుకునే సైటు ఈ నాలుగు రోజులూ నడుస్తూనే ఉంది.

ఆ దెబ్బకి ఆగని వ్యాపారం 2016లో జియో వచ్చాక దానంతటదే పోయింది. మా ఓనరు ఇప్పుడు టెంపర్డ్ గ్లాసులు వేస్తున్నాడు.

"పాట రాసినాయన పొట్ట కొట్టారు" అని నన్ను తిట్టేవాళ్ళకి ఒక మాట. సినిమా పాటకి మామూలుగా నిర్మాత ఒకసారి డబ్బిచ్చి హక్కులన్నీ రాయించుకునేవాడు, ఆడియో కంపెనీకి అమ్ముకునేవాడు. రాసినవాళ్ళకీ, బాణీ కట్టినవాళ్ళకీ రాయల్టీలో వాటా ఉండాల్సిందే, దాన్ని ముందే రాయించుకున్నా చెల్లదు అని చట్టం మార్చింది 2012లో. అంటే నేను ఎక్కువగా ఎక్కించిన ఘంటసాల కాలం పాటలు మీరు షాపులో క్యాసెట్ కొన్నా, రాసినాయన ఇంటికి ఎంత చేరేదో ఆలోచించండి. నేను చేసింది ఒప్పని చెప్పడం లేదు. నా వల్ల కంపెనీ నష్టపోయింది, ఆయన నష్టం అంతకు ముందే జరిగిపోయింది.

రెండో ప్రశ్నకి జవాబు: ఇప్పుడు పాటల యాప్‌కి నెలనెలా కడుతున్నాను, యాడ్స్ గోల భరించలేక. నచ్చనిది ఒకటే, లిస్టులో పెట్టుకున్న పాట ఉన్నట్టుండి బూడిద రంగులోకి మారిపోతుంది, ఇక మోగదు, హక్కుల ఒప్పందం అయిపోయిందో ఏమో, అడిగే దిక్కు ఉండదు.

షాపులో ఉండగా పెదపారుపూడి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు, నాటకాల్లో పద్యాలు పాడినాయన. కురుక్షేత్రం పద్యాల క్యాసెట్ ఒకటి పట్టుకొచ్చి "ఇది ఫోన్లో కావాలయ్యా" అన్నాడు. ఏ సైట్లోనూ లేదు, ఏ షాపులోనూ అమ్మకానికి లేదు, కంపెనీ ఉందో లేదో కూడా తెలీదు. రీలు రెండు చోట్ల ముడతపడి ఉంటే పెన్సిల్‌తో తిప్పి సరిచేసి, వైరు పెట్టి కంప్యూటర్లోకి లాగాం. ఆయన పోయాక మనవడు మొన్న ఫోన్ చేశాడు, తాత క్యాసెట్ కాపీ ఏమైనా మిగిలిందా అని. నా పాత హార్డ్ డిస్క్‌లో ఉంది, పెన్ డ్రైవ్‌లో వేసి పంపాను. క్యాసెట్ మీద 1986 అని అచ్చు వేసి ఉంది, రికార్డింగ్ మీద హక్కు విడుదలైన తర్వాత 60 ఏళ్ళు ఉంటుంది, కాబట్టి లెక్క ప్రకారం ఇంకా ఎవరిదో అది. ఎవరిదో చెబితే కట్టేస్తాను.