సెల్లార్‌లో నీళ్లు: బిల్డర్‌ని అడగొచ్చా?

ప్రశ్న: మూడేళ్ల క్రితం రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) రిజిస్టరైన వెంచర్‌లో ఇల్లు కొన్నాం. వాన పడితే చాలు, సెల్లార్ గోడ అడుగు నుంచి నీళ్లు ఊరుతున్నాయి. బిల్డరేమో ‘అగ్రిమెంటులో రాసిన ఏడాది గ్యారంటీ అయిపోయింది, అయినా అది పక్కింటి సంపు నీరు’ అంటున్నాడు. గోడకు వాటర్‌ప్రూఫ్ రంగు వేయించి, తర్వాత కేసు వేద్దామనుకుంటున్నాం. సలహా ఇవ్వండి.
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ రంగు పని ఆపండి. బయటి నుంచి నీరు నెడుతుంటే లోపల వేసిన రంగు పొక్కులొచ్చి ఊడిపోతుంది. పైగా మీకున్న పెద్ద సాక్ష్యం ఆ గోడే.

నీరు ఎక్కడిదో తేలితే బాధ్యత ఎవరిదో తేలుతుంది. కుళాయిలన్నీ కట్టేశాక కూడా వాటర్ మీటర్ తిరుగుతుంటే మీ పైపుల్లోనే లీకు ఉన్నట్టు. అది కాకపోతే గోడ మీద ఒకచోట తుడిచి ఆరబెట్టి, ప్లాస్టిక్ షీటు నాలుగంచులా టేపుతో అంటించండి. ఒకటి రెండు రోజులయ్యాక షీటు వెనక తడి ఉంటే గోడలోంచి చెమ్మ వస్తున్నట్టు. పైన మాత్రమే తడి ఉంటే అది గాలిలోని తేమ, దానికి బిల్డర్‌ని అనలేం.

ఇక పక్కింటి సంపు సంగతి. సంపు కారితే ఎండాకాలంలోనూ కారాలి కదా! అందుకే ఏ రోజు వాన పడింది, ఏ రోజు నీరు వచ్చింది తేదీలతో రాసి, ఫోటోలు తీసి పెట్టుకోండి. బిల్డర్‌తో సంబంధం లేని సివిల్ ఇంజినీర్‌ చేత రిపోర్టు రాయించండి. గోడ, నేల కలిసే జాయింటు దగ్గరే ఊరుతుంటే బయటి వాటర్‌ప్రూఫింగో, డ్రైనేజీయో సరిగా లేదని అనుమానించాల్సిందే.

అలా తేలితే 2016 నాటి రెరా చట్టం సెక్షన్ 14(3) మీకు అండ. పొసెషన్ ఇచ్చిన 5 ఏళ్లలోపు నిర్మాణ లోపాన్ని తెలియజేస్తే, 30 రోజుల్లో బిల్డర్ సొంత ఖర్చుతో బాగుచేయాలి. లేదంటే పరిహారం ఇవ్వాలి. అగ్రిమెంటులో ఏడాది అని ఉన్నంత మాత్రాన ఈ గడువు తగ్గదు. ఫోన్లో చెప్పానంటే రుజువు కష్టం కాబట్టి వెంటనే స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. కదలకపోతే రెరా అథారిటీకి ఫిర్యాదు చేయండి. వినియోగదారుల కమిషన్ దారీ ఉంది కానీ, అక్కడ వివాదం తలెత్తినప్పటి నుంచి 2 ఏళ్లే గడువు.

నిజంగానే పక్కింటి సంపు అని తేలితే మాత్రం సివిల్ కోర్టుకు వెళ్లాలి. గోడ, సంపు చూసి రిపోర్టివ్వడానికి అడ్వొకేట్ కమిషనర్‌ను నియమించమని అడగవచ్చు.

ఈలోగా నీళ్లు నిలిస్తే మోటారుతో తోడించుకోండి, తప్పేం లేదు. ఆ బిల్లులు మాత్రం దాచండి, పరిహారంలో అడగవచ్చు.