మల్చ్ లారీని పిలిచేముందు మడి కొలుచుకో

పెన్సిల్వేనియాలో కొత్తగా ఇల్లు కొనుక్కున్న మామిడికుదురు అమ్మాయి అడిగింది: "పిన్నిగారూ, ఇక్కడ అందరూ మొక్కల చుట్టూ చెక్కపొట్టులాంటిది పోయిస్తున్నారు. హార్డ్‌వుడ్ మల్చ్ అంట. తోటపని వాళ్ళు వెయ్యి డాలర్ల పైనే అడుగుతున్నారు. అసలు అవసరమా?"

పిన్నిగారూ అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తానమ్మా. సంక్రాంతికి ఊరొచ్చి, అంబాజీపేట దగ్గర మా నాన్నగారి కొబ్బరితోటలో కూర్చుని ఇది రాస్తున్నాను. ఎదురుగా చెట్ల పాదుల్లో డొక్కలు, అంటే కొబ్బరికాయ వలిచిన పీచు తొక్కలు, పరుస్తున్నారు. నువ్వడిగిన మల్చ్ ఇదే. మనకి డొక్కలు, మట్టలు, ఎండుగడ్డి ఉన్నాయి. అక్కడ ఓక్, మేపుల్ లాంటి చెట్ల బెరడూ చెక్కా తురిమి వాడతారు. నేలలో తడి ఆరిపోదు, కలుపు అంతగా లేవదు, కుళ్ళాక మట్టికే బలం. కాబట్టి మల్చ్ అవసరమే. వెయ్యి డాలర్లు మాత్రం అవసరం లేదు.

మేము న్యూజెర్సీలో ఇల్లు కొన్నది 2001లో. డౌన్ పేమెంటు కట్టాక బ్యాంకులో మిగిలింది రెండు నెలల ఖర్చుకి సరిపోయేంతే. అయినా పక్కింటి వాకిలి నల్లగా నిగనిగలాడుతుంటే మనసు ఆగలేదు. కొలవకుండా, లెక్క కట్టకుండా ఫోన్ చేసి పది యార్డులు తెప్పించాను. ఇక్కడ యార్డు అంటే ఘనపు యార్డు, మూడడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న పెట్టె నిండా. కారు పెట్టుకునే చోట కొండలా పోసి వెళ్ళిపోయారు. మా మడులన్నీ కలిపితే 400 చదరపు అడుగులు. నాలుగు యార్డులు పోశాక అన్నీ నిండిపోయాయి. మిగతా ఆరు యార్డుల మీద ప్లాస్టిక్ పట్టా కప్పి వదిలేశాను. మూడు వారాలు వానలు. పట్టా తీస్తే లోపల నుంచి ఆవిరి, ముక్కు బద్దలయ్యే పులుపు వాసన. గాలాడక లోపల పులిసిపోయిందని అప్పట్లో నాకు తెలియదు. అదే తీసుకెళ్ళి కొత్తగా నాటిన హైడ్రాంజియా పూలమొక్కలకి వేశాను. రెండో రోజుకి ఆకుల అంచులు వేడినీళ్ళు పోసినట్టు కమిలిపోయాయి. వెనిగర్ వాసన వస్తే పలచగా ఆరబోసి, నీళ్ళు చల్లి, వాసన పోయేదాకా మొక్కల దగ్గరికి పోనివ్వకూడదు.

అంతకన్నా పెద్ద తప్పు మేపుల్ చెట్టు విషయంలో చేశాను. డబ్బు పోసి కొన్నది పారేయబుద్ధి కాక, మిగిలిందంతా దాని మొదట్లో ఎగదోశాను. మోకాలెత్తు గుట్ట. ఏటా దాని మీదే ఇంకాస్త. మన కొబ్బరిచెట్టు మొదట్లోకి మట్టి ఎగదోయడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను కదా, చెట్టుకి మేలే అనుకున్నాను. కొబ్బరికి అది చెల్లుతుంది. దాని మొదలు నుంచి ఎప్పటికప్పుడు కొత్త వేళ్ళు వస్తుంటాయి, మట్టి తగిలితే వాటికి పట్టు దొరుకుతుంది. మేపుల్ అలా కాదు. దాని ప్రాణమంతా బెరడు కిందున్న సన్నటి పొరలో ఉంటుంది. బెరడుకి గాలి తగలాలి. నాలుగో ఏడు ఒకవైపు కొమ్మలు చిగురించలేదు. గుట్ట తవ్వి బొటనవేలితో నొక్కితే బెరడు నానిన అట్టముక్కలా లోపలికి దిగిపోయింది. ఆ చెట్టు కొట్టించడానికి మల్చ్ ఖర్చుకి నాలుగింతలైంది. ఆ నెల ఊళ్ళో అమ్మకి డబ్బు పంపలేకపోయాను. ఇప్పటికీ ఆ ఖాళీ చోటు చూస్తే నాకు గుర్తొచ్చేది అదే.

అందుకే నీకు లెక్క నేర్పుతున్నాను. ఈ కాలం పిల్లలు ఫోన్లో నొక్కేస్తారు గానీ టేపు పట్టుకోరు. మడి పొడవు, వెడల్పు అడుగుల్లో గుణించు. దాన్ని ఎన్ని అంగుళాల మందం కావాలో దాంతో గుణించి 324తో భాగించు. వచ్చిందే యార్డుల లెక్క. ఇరవై అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు మడికి మూడంగుళాలు వేస్తే ఒక యార్డు కూడా పట్టదు. రెండు ఘనపుటడుగుల సంచులైతే యార్డుకి పద్నాలుగు. ఒకటి రెండు యార్డులకి సంచులు కారులో తెచ్చుకోవచ్చు. అంతకు మించితే విడిగా పోయించుకోవడమే చవక. మందం రెండు మూడు అంగుళాలు దాటొద్దు. మొక్క మొదలు చుట్టూ బెత్తెడు ఖాళీ వదులు. ఇంటి గోడకి కనీసం ఆరంగుళాలు దూరం, లేకపోతే చెదలకి దారి చూపించినట్టే.

రెండో ఏడు మళ్ళీ అంతా కొనక్కర్లేదు. పాతదాన్ని పళ్ళ పారతో కదిపి, పైన ఒక్క అంగుళం చాలు. చాలా ఊళ్ళలో మునిసిపాలిటీ వాళ్ళే చెక్కముక్కలు, ఆకుల ఎరువు ఉచితంగా ఇస్తారు, కనుక్కో. మల్చ్ గురించి కాలనీ సంఘం నియమాలేమైనా ఉంటే నీ ఇంటి కాగితాల్లోనే ఉంటాయి, చదువుకో. పార పెట్టి లోతుగా తవ్వేముందు 811కి ఫోన్ చెయ్యి, కరెంటు, గ్యాసు గొట్టాలు ఎక్కడున్నాయో ఉచితంగానే గుర్తు పెడతారు.

గోంగూర, వంకాయ మడుల్లో మాత్రం చెక్కని మట్టిలో కలపకు. కలిపితే అది కుళ్ళడానికి నేలలోని నత్రజనిని లాక్కుంటుంది. నా మొదటి గోంగూర అలాగే పసుపుపచ్చగా నిలబడి, పచ్చడికి కూడా రాలేదు. కూరగాయలకి గడ్డి, శీతాకాలం ముందు రాలిన ఆకులు వెయ్యి. ఆ ఆకుల్ని సంచుల్లో కట్టి వీధిలో పెట్టేస్తారు అక్కడివాళ్ళు. నువ్వు పెట్టకు, అవి డబ్బులే. మన వాళ్ళు ఒక్క డొక్క కూడా పారేయరు చూడు. గోతిలో పూడ్చేటప్పుడు నీళ్ళు నిలిచేలా డొక్క గుంటవైపు పైకి పెడతారు, పాదు మీద కప్పేటప్పుడు బోర్లిస్తారు.

ఏప్రిల్ నెలాఖరుకి నేల వెచ్చబడ్డాక వేద్దువుగాని, ఇంకా టైముంది. ఈలోగా మడులన్నీ కొలిచి ఆ అంకెలు నాకు పంపు. నేను లెక్క చూసి చెప్పేదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకు.