జొన్నలో మొవ్వు ఎండిపోతోందా? మందు కొట్టే ముందు ఒకటి లాగి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. నంద్యాల దగ్గర నల్లరేగడిలో అక్టోబరు చివర్లో జొన్న వేశారు. మొలిచి మూడు వారాలైంది. చాలా మొక్కలకు నడిమి ఆకు ఎండిపోతోంది. దుకాణంలో రెండు రకాల మందులు చేతిలో పెట్టారు, కొట్టాలా వద్దా అని అడుగుతున్నారు. చిరుధాన్యాలకు పురుగు పట్టదని విని దిగానని కూడా రాశారు.

ముందు ఆ సీసాలు పక్కన పెట్టి చేలోకి వెళ్ళండి. ఎండిన మొవ్వును, అంటే ఆ నడిమి ఆకును, వేళ్ళతో పట్టి పైకి లాగండి. సులువుగా ఊడొచ్చి, మొదట్లో కుళ్ళి, ముక్కు తిప్పుకునే వాసన కొడితే అది మొవ్వు ఈగ. పైరు వయసును బట్టి నూటికి తొంభై పాళ్ళు అదే అయ్యుంటుంది. అలా కాకుండా ఆకుల మీద వరసగా గుండ్రటి చిన్న రంధ్రాలుండి, కాండం చీల్చితే లోపల ఎర్రటి సొరంగంలో పురుగు కనిపిస్తే కాండం తొలిచే పురుగు. నడిమి ఆకుల సుడిలో రంపపు పొట్టులాంటి పెంట, చిరిగిన ఆకులు ఉంటే కత్తెర పురుగు. 2018లో కర్ణాటకలో మొక్కజొన్న మీద మన దేశంలో మొదటిసారి కనిపించిన పురుగే అది, జొన్ననూ వదలదు. ఈ మూడింటికీ ఒకే మందు ఇచ్చే దుకాణాన్ని నేను నమ్మను.

మా ఇంట్లో జొన్న ఎప్పటినుంచో వేస్తున్నాం కాబట్టి మొవ్వు ఈగ గురించే కాస్త ఎక్కువ రాస్తాను. ఇంట్లో తిరిగే ఈగ కన్నా చిన్నది, బూడిద రంగులో ఉంటుంది. లేత మొక్క ఆకు అడుగున తెల్లటి గుడ్డు పెడుతుంది. రెండు మూడు రోజుల్లో పిల్ల పురుగు బయటికొచ్చి, తెల్లవారుజామున సుడిలో ఉండే తడిని పట్టుకుని కిందికి జారి, మొవ్వు మొదలును కోసేస్తుంది. అక్కడ కుళ్ళినదే దాని తిండి. గుడ్డు నుంచి మళ్ళీ ఈగ అయ్యేదాకా దాదాపు మూడు వారాలు. అంటే ఊళ్ళో ముందు వేసిన చేలల్లో ఒక తరం పెరిగి, ఆ ఈగల గుంపంతా ఆలస్యంగా మొలిచిన లేత పైరు మీద వచ్చి వాలుతుంది. మా వంక పక్కన ఒక ఏడాది ఇది కళ్ళారా చూశాం. మేం సెప్టెంబరులో నేల పదునుండగానే గొర్రుతో విత్తాం. పక్క చేను వాళ్ళు ముందు పంట తీసేసరికి నెల దాటిపోయింది. విత్తనం రెండు చేలకూ ఒకటే. మాది అక్కడక్కడా పోయింది, వాళ్ళది సాళ్ళకు సాళ్ళే ఎండింది.

ఇప్పుడు మీరు చేయాల్సింది లెక్క. చేలో నాలుగైదు చోట్ల సాలు వెంట నూరేసి మొక్కలు చూసి ఎన్ని మొవ్వులు పోయాయో రాసుకోండి. చచ్చిన మొవ్వును ఏ మందూ బతికించదు, పురుగు ఎలాగూ లోపల భద్రంగా ఉంటుంది. నూటికి పది దాటి, మిగతా మొక్కల ఆకుల కింద ఇంకా గుడ్లు కనిపిస్తుంటే, ఆ మిగిలిన వాటిని కాపాడటానికే మందు. అదీ మీ మండల వ్యవసాయాధికారికి మొక్క చూపించి, ఆయన చెప్పిందే. నెల దాటితే మొక్క ముదిరి ఈగకు లొంగదు, కాబట్టి మీకు ప్రమాదం ఇంకో వారం పది రోజులే.

దెబ్బతిన్న మొక్క పక్కనుంచి పిలకలు వేస్తుంది. అది చూసి సంబరపడకండి. ఈగ వాటి మీదా గుడ్డు పెడుతుంది, బతికినవి కంకి వేసినా ఒకేసారి రావు. గింజల పాలు పీల్చే కంకి నల్లికి వరసగా మేత దొరుకుతుంది, కోత రెండు విడతలవుతుంది, పిట్టల కాపలా సంగతి చెప్పనక్కర్లేదు. సగానికి పైగా పోతే నేనైతే దున్నేసి, నేలలో పదునుంటే వెంటనే శనగ వేస్తాను. శనగకూ ఇప్పటికే ఆలస్యమే, దిగుబడి కాస్త తగ్గుతుంది. నవంబరు దాటితే మాత్రం ఆ ఆలోచనా వద్దు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. చేను ఎలాగూ పోయిందని పశువుల్ని తోలకండి. లేత జొన్నలో, బెట్టకో పురుగుకో గిడసబారి మళ్ళీ చిగురించిన జొన్నలో నాము ఉంటుంది. సైనైడ్ విషం అది. మేసిన కాసేపటికే పశువు రొప్పుతూ, వణికి పడిపోతుంది, డాక్టరు వచ్చేలోపు చేయి దాటిపోవచ్చు. గొర్రెలకూ అంతే. చుట్టుపక్కల మేపుకునే వాళ్ళకు కూడా ముందే చెప్పి పెట్టండి.

వచ్చే ఏడాదికి: రబీ జొన్న సెప్టెంబరు రెండో పక్షం నుంచి అక్టోబరు మొదటి పక్షం లోపు పడాలి, వీలైతే ఊరంతా ఒకేసారి. విత్తనం ఎకరాకు మామూలుగా వేసే నాలుగు కిలోల మీద ఇంకో కిలో కలపండి, ఒత్తుగా మొలిచిన చోట మొక్కలు పలచన చేసేటప్పుడు మొవ్వు పోయినవాటిని పీకి చేను బయట పారేయండి. కిలో విత్తనానికి థయామిథాక్సామ్ 30 ఎఫ్.ఎస్. అనే విత్తనశుద్ధి మందు 10 మి.లీ. పట్టిస్తే మొదటి వారాలు గడిచిపోతాయి. మిగిలిన మందు విత్తనం కోళ్ళకు వేయొద్దు, తిండి గింజల్లో కలపొద్దు. మాలదండి లాంటి రకం కొంత తట్టుకుంటుంది, పూర్తిగా కాదు.

ఇక పురుగు పట్టదన్న మాట. 2023ను చిరుధాన్యాల సంవత్సరం చేశాక ఇది ఎక్కువగా వినిపిస్తోంది. పత్తి, మిరపతో పోలిస్తే మందుల ఖర్చు తక్కువ, అది నిజం. కానీ మొవ్వు ఈగ కొర్రకూ, సామకూ, వరిగకూ వస్తుంది, రాగిలో గులాబీ రంగు పురుగు కాండం తొలిస్తే కంకి తెల్లబోతుంది. కొర్రలు పొట్టుతో ఉంటే గాదెలో ఏళ్ళు నిలుస్తాయి, బహుశా ఆ మాట అక్కడి నుంచే పుట్టి చేలోకి వచ్చిందనుకుంటా.

లెక్క తీశాక ఎన్ని పోయాయో ఇక్కడే రాయండి. చుట్టుపక్కల జొన్న ఎప్పుడు విత్తారో కూడా కనుక్కుని రాస్తే ఉంచాలా దున్నాలా చెప్పడం తేలిక.