మీ అమ్మ దగ్గు దగ్గర మొదలుపెట్టు

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

విజయవాడ హాస్టల్ నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. చేతిరాత బాగుంది. ఇక అసలు సంగతికొస్తాను.

మొదటి రెండు పేజీలు చదివేసరికి నాకు ఒళ్ళు మండింది. ‘ఎపిథీలియల్ కణజాలము అనగా శరీర ఉపరితలములను కప్పి ఉంచునది, ఇది ఎనిమిది రకములు’ అని మొదలెట్టి పొలుసు కణాలు, ఘనాకార కణాలు, స్తంభాకార కణాలు అంటూ ఏకరువు పెట్టావు. ఇంటర్ గైడుకైతే సరే. డబ్బిచ్చి పత్రిక కొనుక్కున్నవాడు ఇదెందుకు చదవాలి?

మూడో పేజీ అడుగున మాత్రం ఒక మాట రాశావు. మిర్చి యార్డు దగ్గర ముచ్చికలు తీసి వచ్చిన రోజు మీ అమ్మ రాత్రంతా దగ్గుతుందని. అదీ బ్రాకెట్లో పెట్టి, ఏదో తప్పు చేసినట్టు! నేను అక్కడే ఆగిపోయాను. వ్యాసం అక్కణ్ణుంచే మొదలవ్వాలి తల్లీ.

ఎప్పట్నుంచో నేను మొత్తుకునేది ఇదే. కణం పేరు తర్వాత, ముందు అది పడే పాట్లు చెప్పు. పని తెలిస్తే ఆకారం దానంతటదే బోధపడుతుంది. మీ అమ్మ పీల్చిన కారపు ధూళి వెంట నువ్వూ లోపలికి నడు. శ్వాసనాళంలో గోబ్లెట్ కణాలు జిగురు వదులుతుంటాయి, ఒక్కో కణమే ఒక గ్రంథి. ధూళి ఆ జిగురులో చిక్కుతుంది. పక్క కణాల మీదుండే శైలికలు, అంటే సన్నటి వెంట్రుకల్లాంటివి, దాన్ని గొంతు వైపుకు తోసుకుంటూ పోతాయి. మిరపలోని క్యాప్సైసిన్ నరాల కొసలను తాకిందా, దగ్గు తన్నుకొస్తుంది, ముక్కు కారుతుంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. ఇంకా లోపల గాలి గదుల్లో పల్చటి కణాలు ఒక్క వరుసే, ఆక్సిజన్ దాటాలి కాబట్టి. ముద్ద రాసుకుంటూ దిగే అన్నవాహికలో పొర మీద పొర. నీ పట్టికలో సగం ఇక్కడే వచ్చేసింది.

అన్నట్టు శ్వాసనాళంలో ‘అనేక పొరలుండును’ అని రాశావు. ఉండవు. నేను రాయడం మొదలెట్టిన రోజుల్లో పుస్తకం కొనే స్తోమత లేక, ఒక మెడికల్ కాలేజీ ల్యాబ్ అటెండర్‌ను బతిమాలి స్లైడు చూశాను. గులాబీ రంగు కణాలు, వాటిలో ఊదా చుక్కల్లా కేంద్రకాలు, ఒకటి పైన, ఒకటి కింద. ఎవరికైనా మూడు నాలుగు వరుసలనే అనిపిస్తుంది. కన్ను నొప్పెట్టేదాకా చూస్తే అప్పుడు తెలిసింది, ప్రతి కణం కాలూ అడుగు పొర మీదే ఉంది, తలలు మాత్రం కొన్నిటివే పైదాకా వస్తాయి.

మీ అమ్మ చేతుల సంగతీ రాయి. అరచేతుల్లో, అరికాళ్ళలో చర్మపు పైపొర అన్నిటికంటే మందం, దాని పైభాగమంతా చచ్చిన కణాలే. ఎపిథీలియంలో రక్తనాళాలుండవు, పైపైన గీసుకుంటే నెత్తురు రానిది అందుకే. అంత మందంలోనూ మంట పుడుతుందే! క్యాప్సైసిన్ కొవ్వులో కరిగే సరుకు, ఒట్టి నీళ్ళకు లొంగదు.

గ్రంథులకు వేరే అధ్యాయం పెట్టావు, అవేవో పరాయి దేశం నుంచి వచ్చినట్టు. పిండదశలో ఆ ఎపిథీలియం పొరే లోపలికి కుంగి గ్రంథి అవుతుంది. వచ్చిన దారి తెరిచే ఉంటే అది నాళం, లాలాజల గ్రంథులకు ఉన్నట్టు. దారి మూసుకుపోతే సరుకును రక్తంలోకే వదలాలి. అలాంటిదే థైరాయిడ్, నాలుక మొదట్లో పుట్టి మెడలోకి దిగుతుంది, బయల్దేరిన చోట చిన్న గుంట మిగులుతుంది. క్లోమం రెండు పనులూ చేస్తుంది. అందులోని కణాల దీవులను 1869లో పాల్ లాంగర్‌హాన్స్ అనే కుర్రాడు, ఇంకా వైద్య విద్యార్థే, తన సిద్ధాంత వ్యాసంలో వర్ణించి, అవి ఏం చేస్తాయో తనకు తెలియదనే రాశాడు. ఆ దీవులు రక్తంలోకి వదిలే ఇన్సులిన్ 1921లో గానీ చేతికి చిక్కలేదు. తైలగ్రంథి కణమైతే కొవ్వుతో నిండి నిండి తానే పగిలిపోయి తైలమవుతుంది. దీన్ని నువ్వు ‘కణము నశించును’ అని రెండు మాటల్లో తేల్చేశావు, నీకు చేతులెలా వచ్చాయి?

కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు, ఇంకేవో కూడా అడిగావు. తర్వాత చూద్దాం.

మూత్రాశయం గోడను పేరు చెప్పి వదిలేశావు. నేను ఒక ఆదివారం అనుబంధానికి దాని మీద రాశాను. ఖాళీగా ఉన్నప్పుడు పైవరుస కణాలు గుండ్రంగా ఉబ్బి ఉంటాయి, నిండేకొద్దీ సాగి పల్చబడతాయి, అయినా మూత్రం తిరిగి ఒంట్లోకి ఇంకనివ్వవు. ఎడిటరుగారు ఆ పేరా మొత్తం కొట్టేశారు. పొద్దున్నే కాఫీతో చదివేవాళ్ళకు మూత్రమేమిటయ్యా అన్నారు. ఆ జాగాలో మొహం మెరవడానికి చిట్కాలు వేశారు, పైగా నా పేరు కిందే! ఇప్పుడేమో అంతా ‘మీకు తెలుసా’ అంటూ నాలుగు ముక్కలు విసిరేస్తే చాలట.

నువ్వు మూత్రాశయం గురించి పూర్తిగా రాయి. శ్వాసనాళం తప్పు దిద్ది, బొమ్మ నువ్వే గీసి, సంక్రాంతి లోపు పంపు. ఎవరైనా ఆ పేరా కొట్టేస్తామంటే నా ఫోన్ నంబరు ఇవ్వు, నేను మాట్లాడతాను.